ఏడుపుకి ఫోన్ ఇస్తున్నది మీ అత్తగారొక్కరేనా?

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. మా బాబుకి నాలుగేళ్లు. ఫోన్ చేతిలో పెడితే గానీ ముద్ద మింగడు. ఇవ్వనంటే కిందపడి దొర్లుతాడు, కంచం తోసేస్తాడు. నేను ఐదు నిమిషాలు ఓర్చుకుంటానో లేదో, మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి తన ఫోన్ ఇచ్చేస్తారు. ‘పసివాడి ఉసురు పోసుకుంటావా?’ అంటారు. పైగా ‘మొండితనంలో అచ్చం వాళ్ల నాన్నే’ అని మురిసిపోతారు. రెండు తగిలిస్తే దారికొస్తాడని మా వారి వాదన. టెట్ కోసం మనస్తత్వవేత్త స్కిన్నర్ సిద్ధాంతాలన్నీ బట్టీపట్టాను, మా ఇంట్లో మాత్రం అవేవీ పనికిరావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: స్కిన్నర్ మీ ఇంట్లో బ్రహ్మాండంగా పనికొస్తున్నాడమ్మా. కాకపోతే మీ బాబుకి. ఏడిస్తే ఫోన్ వస్తుందని వాడు నేర్చుకున్నాడు, మీరు టెట్‌లో రాసిన కార్యసాధక నిబంధనం, అంటే ఫలితం దక్కిన పనినే మళ్లీ మళ్లీ చేయడం, అదే. వాళ్ల నాన్న పోలిక అనేది మీ అత్తగారి ముచ్చట, దాన్ని అలాగే ఉండనివ్వండి. నా దృష్టిలో అది పుట్టుకతో వచ్చిన మొండితనం కాదు, భోజనం దగ్గర రోజూ సాగుతున్న అభ్యాసం.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ‘ఐదు నిమిషాలు’ అన్న మాట. అసలు చిక్కు అక్కడే ఉంది. స్కిన్నర్ ప్రయోగాల్లో పెట్టెలోని ఎలుక మీట నొక్కితే తిండి గుళిక పడేది. ఆ గుళికల్ని తానే తయారుచేసుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం చూసుకుంటే అవి సోమవారం ఉదయానికల్లా అయిపోయేలా ఉన్నాయి. సెలవుపూట కూర్చుని గుళికలు చేయడానికి మనసొప్పక, మీట నొక్కిన ప్రతిసారీ కాకుండా నిమిషానికొకసారి మాత్రమే గుళిక పడేలా మార్చాడు. ఎలుకలు మానలేదు, నొక్కుతూనే ఉన్నాయి. ప్రతిసారీ దొరికినదానికంటే అప్పుడప్పుడూ దొరికినదాని కోసమే ప్రాణి ఎక్కువకాలం పట్టుబడుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. పాత స్కూటర్ పదో కిక్కుకి స్టార్టవుతుందని తెలిసినవాడు, ఇవాళ పదిహేను కొట్టినా దిగడు కదా.

మీ ఇంట్లో ఒకరోజు ఐదు నిమిషాల ఏడుపుకి ఫోన్ వస్తుంది, ఇంకోరోజు పదిహేను నిమిషాలకి. బడికి టైమైపోయిన రోజున అసలు ఏడవకుండానే వస్తుంది, ఆ రోజు ఇచ్చేది బహుశా మీరే. కాదంటారా? అంటే ఎంతసేపైనా ఏడవచ్చు, ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందని వాడికి నేర్పుతున్నది ఇంటిల్లిపాదీ. మీరు ఓర్చుకున్న ఆ ఐదు నిమిషాలు కూడా ఆ శిక్షణలో భాగమే అయిపోయాయి. అంతసేపు ఓర్చి ఆఖర్న ఇచ్చేకన్నా, అడగ్గానే ఇచ్చేయడమే నయం.

ఇక మీ అత్తగారి సంగతి. ఆవిడ కావాలని మీ మాట తీసేస్తున్నారని మీకు అనిపిస్తోంది. ఒక్క క్షణం ఆవిడ వైపు నుంచి చూడండి. మనవడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, ఆవిడకి గుండె దడదడలాడుతోంది. ఫోన్ ఇవ్వగానే ఏడుపు ఠక్కున ఆగింది, దడ తగ్గింది. ఆ నిశ్శబ్దమే ఆవిడకి బహుమతి. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి కుటుంబాలను గమనించి ఈ ఉచ్చును వర్ణించాడు: పెద్దలు లొంగిన కొద్దీ పిల్లవాడు గొంతు పెంచడం నేర్చుకుంటాడు, ఏడుపు ఆగిన కొద్దీ పెద్దలు లొంగడం నేర్చుకుంటారు. ఒకరికొకరు పాఠం చెప్పుకుంటున్నట్టే, ఎవరికీ తెలియకుండా.

1959లో సి.డి. విలియమ్స్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన ఒక చిన్న కేసు మీకు అచ్చంగా సరిపోతుంది. 21 నెలల బాబు. మొదటి ఏడాదిన్నర బాగా జబ్బుపడి కోలుకున్నవాడు కావడంతో ఇంట్లో అందరూ అరచేతుల్లో పెంచారు. రాత్రి వాడు నిద్రపోయేదాకా అరగంట నుంచి రెండు గంటలు పక్కనే కూర్చోవాలి. కూర్చున్నవాళ్లు పుస్తకం తెరిచినా ఒప్పుకోడు, మూసేదాకా ఏడుస్తాడు! ఒంట్లో జబ్బేమీ లేదని తేల్చుకున్నాక, పడుకోబెట్టి తలుపు మూసి, మళ్లీ లోపలికి వెళ్లకూడదనుకున్నారు. మొదటి రాత్రి 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారికి చిన్న మూలుగు కూడా లేదు, నవ్వుతూ పడుకున్నాడు. తర్వాత ఓ వారానికి, వాళ్ల పిన్నో అత్తో, పడుకోబెడుతుంటే కాస్త గొడవ చేశాడు. ఆవిడ మనసాగక వెనక్కి వచ్చింది. అంతే, మొత్తం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. రెండోసారి కూడా తగ్గింది, ఆ తర్వాత రెండేళ్లపాటు ఆ ఏడుపు రాలేదు.

మీరు తలుపులు మూయనక్కర్లేదు. నాలుగేళ్ల పిల్లాణ్ణి ఒంటరిగా వదిలేయమని నేను చెప్పను. పక్కనే కూర్చోండి, ముఖం మామూలుగా పెట్టుకోండి, ఫోన్ మాత్రం ఇవ్వకండి. బతిమాలడాలు, బెదిరింపులు, ఉపన్యాసాలు వద్దు. అవి కూడా వాడికి గిట్టుబాటే. ఏడుపు ఆగి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడా, అప్పుడు మీ కళ్లు, మాటలు, నవ్వు అన్నీ వాడివే. అరగంట తర్వాత కంచం తీసేయండి. తినలేదు కదా అని వెనకాలే బిస్కెట్ పెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు ఒక పూట తక్కువ తింటే మరుసటి పూట తింటాడు.

ఫోన్ పూర్తిగా నిషేధించమనీ అనను. మూడు, నాలుగేళ్ల పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకు గంట మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. సాయంత్రం స్నానమయ్యాక ఓ అరగంట పెట్టండి. ఆ రోజు అల్లరి చేసినా చేయకపోయినా అది వాడికి దక్కాలి, అలారం మోగగానే అయిపోవాలి. ఏడుపుకీ ఫోన్‌కీ ఉన్న ముడి తెగాలంటే ఇదొక దారి.

ముందే చెబుతున్నా, మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు తగ్గకపోగా పెరగవచ్చు. ఇన్నాళ్లూ పలికిన మంత్రం పలకకపోతే ఇంకాస్త గట్టిగా చదివి చూస్తాడు కదా. సరిగ్గా అప్పుడే మీ వారు చేయి లేపుతారు, మీ అత్తగారు ఫోన్ తీస్తారు. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోందని టీచరుగా మీకు తెలుసు. ఇంట్లో మాత్రం దెబ్బ మంచిదెలా అవుతుందో మీ వారినే అడగండి. దెబ్బకి వాడు ఆ పూటకి జడుస్తాడు, ఫోన్ లేకుండా తినడం మాత్రం నేర్చుకోడు.

అత్తగారితో గొడవ పడొద్దు. ‘మీరే చెడగొడుతున్నారు’ అనే మాట నోటివెంట రానీయకండి. బాబు ప్రశాంతంగా ఉన్న వేళ చూసి, ‘అత్తయ్యా, రాత్రి ముద్దలు మీరే కలిపి పెట్టండి, మీ కథలంటే వాడికి ఇష్టం’ అని అడగండి. వాడు ఏడవడం మొదలుపెడితే ఆవిడ అక్కణ్ణుంచి లేచి, కాసేపు పక్కింటికో పెరట్లోకో వెళ్లిపోయేలా ముందే మాట్లాడుకోండి. ఏడుపు వింటూ కూర్చోమంటే ఏ నానమ్మ వల్లా కాదు.

ఇదంతా మొదలుపెట్టేముందు ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి. బరువు పెరగకపోయినా, వయసుకి తగ్గ మాటలు రాకపోయినా, పిలిస్తే పలక్కపోయినా, ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారుతున్నా నేను చెప్పినవి పక్కన పెట్టి ముందు ఆ సంగతి చూసుకోవాలి. పండక్కి పుట్టింటికి వెళ్లేటప్పుడు మీ అమ్మగారికీ ఈ పద్ధతంతా వివరంగా చెప్పి మరీ వెళ్లండి.