పోపో చేతి కొలత రాసుకునే ముందు

చి. రమ్యకు ఆశీస్సులు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో నీ స్నేహితురాలి అమ్మమ్మ చేసే జూంగ్ (వెదురాకుల్లో జిగురు బియ్యం పొట్లాలు కట్టి ఉడికించే చైనా వంట) పద్ధతినీ, ఆ పోపో (వాళ్ల భాషలో అమ్మమ్మ) చెప్పే ఊరి కబుర్లనూ రాసిపెడతానన్నావు. మంచి పనే. కానీ ప్రశ్నల చిట్టా పట్టుకుని వెళ్లకు. ఆవిడ పెద్దలు దక్షిణ చైనాలోని తైషాన్ వైపు నుంచి వచ్చారన్నావు కదా. 1910-1940 మధ్య అలా వచ్చినవాళ్లను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఏంజెల్ ఐలాండ్ దీవిలో అధికారులు నిలిపి, మీ ఇంటికి మెట్లెన్ని, బియ్యం ఎక్కడ పోస్తారు, బావి ఎటువైపు అని గుచ్చిగుచ్చి అడిగేవారు. బంధువులు చెప్పినదానితో జవాబు కలవకపోతే వెనక్కి పంపేసే ప్రమాదం ఉండేది. అంతకుముందే 1882 నాటి అమెరికా చట్టం చైనా కూలీలకు దారి మూసేసింది. 1906 భూకంపం, మంటల్లో నగరం రికార్డులు కాలిపోయాక, అమెరికా పౌరులైన వేరొకరి కొడుకులమంటూ కొనుక్కున్న కాగితాలతో చాలామంది దిగారు. కాగితం మీది ఇంటిపేరు ఒకటి, అసలుది మరొకటి అయిన కుటుంబాలు అందుకే ఇప్పటికీ ఉన్నాయి. ఆ సంగతి నువ్వు ఎత్తొద్దు. వాళ్లంతట వాళ్లు చెబితే, రాయొచ్చా అని అడిగి రాయి.

ఉప్పెంత అని అడిగితే "చాలినంత" అంటారు. ఆవిడ వెయ్యకముందు ఉప్పు డబ్బా తూచు, వేశాక మళ్లీ తూచు. 20 పొట్లాలకు సుమారుగా కిలో జిగురు బియ్యం, 400 గ్రాముల పొట్టుతీసిన పెసరపప్పు, అరకిలో కొవ్వు పొరలున్న పంది మాంసం, 20 ఉప్పు బాతుగుడ్ల పచ్చసొనలు పడతాయి. (మీ అమ్మ మొహం చిట్లిస్తుంది, పట్టించుకోకు.) ఆవిడ తూకం ఈ లెక్కకు ఎక్కడ తేడాగా ఉంటే అక్కడ ఆ ఇంటి రుచి ఉంది, దాన్ని తప్పకుండా రాసుకో. మాంసానికి ఉప్పు, పంచమసాలా ముందురోజు రాత్రే పట్టిస్తారు.

ఎండు వెదురాకులు పొట్లానికి మూడు చొప్పున 60, చిరిగేవాటికి మరో 10. రాత్రంతా నానబెట్టి, పొద్దున పది నిమిషాలు ఉడికించి తుడవాలి. సరిగా నానని ఆకు మడత దగ్గర పగులుతుంది, బియ్యం అక్కడినుంచే కారిపోతుంది. అసలు నేర్పంతా దారం బిగింపులో ఉంది. మరీ బిగిస్తే బియ్యం ఉబ్బడానికి చోటుండదు, నడుమ పలుకు మిగులుతుంది. వదులుగా కడితే నీళ్లు లోపలికి పోయి, ఉప్పు బయటికి పోయి జావైపోతుంది. ఈ ఘట్టాన్ని ఆవిడ భుజం వెనకనుంచి వీడియో తీయి. ఎదురుగా నిలబడి తీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. పొట్లాలు నీళ్లలో పూర్తిగా మునిగి మూడు నాలుగు గంటలు ఉడకాలి. నీళ్లు తగ్గితే మరుగుతున్నవే పొయ్యాలి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోయి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

పొట్లాలు ఉడికే ఆ గంటల్లోనే కబుర్లు వస్తాయి. రికార్డర్ పెట్టి ఊరుకో. ఆవిడను కాంటనీస్‌లోకో ఇంగ్లీషులోకో లాగకు, తైషాన్ యాసలోనే చెప్పనీ. అనువాదం మనవరాలు తర్వాత చూసుకుంటుంది. జూంగ్ వండుకునే డ్రాగన్ పడవల పండగ చాలా ఏళ్లలో దాదాపుగా మన జ్యేష్ఠ శుద్ధ పంచమికి వస్తుంది. దానికి ముందువారం వెళ్లు, ఎలాగూ వండుతారు.

ఊరి పేరు మాత్రం చైనా అక్షరాల్లోనే రాయించుకో. ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతికితే పక్క ఊళ్లో తేలతావు. ఆవిడకు గుర్తు లేకపోతే శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న కోల్మా ఊరి శ్మశానాల్లో తాతల సమాధి రాళ్లు చూడండి, ఊరి పేరు చాలావాటి మీద చెక్కి ఉంటుంది. ఏంజెల్ ఐలాండ్ విచారణ ఫైళ్ల కోసం శాన్ బ్రూనోలోని నేషనల్ ఆర్కైవ్స్‌కు రాయాల్సింది కుటుంబమే, నువ్వు కాదు. పాత ఫైలు కాగితం మీది పేరుతోనే దొరకవచ్చు కాబట్టి రెండు పేర్లూ ఇవ్వమను.

వాళ్లు ఆ ఊరు చూడటానికి వెళ్తే, పక్కనున్న కైపింగ్‌లో వలసవెళ్లినవాళ్లు పంపిన డబ్బుతో కట్టిన బురుజు ఇళ్లు కూడా చూసి రమ్మను. 2007లో యునెస్కో జాబితాకెక్కాయి. ప్రయాణం ఏప్రిల్ 4 లేదా 5న వచ్చే ఛింగ్‌మింగ్ పండగకు పెట్టుకుంటే మేలు. పెద్దల సమాధులు శుభ్రం చెయ్యడానికి జనం ఊరికి వస్తారు, ఎవరి ఇల్లు ఏదో చెప్పేవాళ్లు అప్పుడు దొరుకుతారు.

మీ పెద్దమ్మ