కెమిస్ట్రీ ఇష్టమైతే కెమికల్ ఇంజినీరింగేనా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర ప్రత్తిపాడు. వరి, మిర్చి వేస్తాం. అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎం.పి.సి. చదువుతోంది. మ్యాథ్స్ అంతంతమాత్రం, కెమిస్ట్రీ అంటే ప్రాణం. సెలవులకు వస్తే జింక్ రియాక్షన్ల గురించే మాట్లాడుతుంది. చుట్టాలు సి.ఎస్.ఇ. అంటున్నారు, తెలిసిన లెక్చరర్ కెమికల్ ఇంజినీరింగ్ అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: అమ్మాయికి ఇష్టం కెమిస్ట్రీ మీదా, అందులో వచ్చే మార్కుల మీదా? ముందు అది తేల్చుకోండి. మీరే తేల్చుకోవచ్చు. జింక్ సల్ఫేట్, డి.ఎ.పి. కలిపి వేయకూడదని మీకు తెలుసు. ఎందుకని ఆమెను అడగండి. డి.ఎ.పి.లోని ఫాస్ఫేట్‌తో జింక్ కలిస్తే నీటిలో కరగని జింక్ ఫాస్ఫేట్ అవుతుంది, దాంతో మొక్కకు జింక్ సరిగా అందదు. పుస్తకంలో ఈ ప్రశ్న ఉండకపోవచ్చు. అయినా తనంతట తాను ఆలోచించి అక్కడిదాకా వస్తే ఆ ఇష్టం నిజమే.

ఇంకొకటి కూడా అడిగి చూడండి. జింక్ లవణ ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ చుక్క చుక్కగా వేస్తే తెల్లటి అవక్షేపం, అంటే కరగని పదార్థం, వస్తుంది. ఇంకా పోస్తే అది కరిగిపోతుంది. అల్యూమినియం కూడా అచ్చం అంతే. మరి పరీక్షనాళికలో ఉన్నది ఏదో ఎలా చెప్పాలి? అమ్మోనియా పోస్తూ పోవాలి. జింక్ అవక్షేపం కరుగుతుంది, అల్యూమినియంది అలాగే ఉండిపోతుంది. ఇది చెప్పేటప్పుడు పిల్ల ముఖం చూడండి, మార్కుల మెమో కంటే అదే ఎక్కువ చెబుతుంది.

ఇక లెక్చరర్ గారి సలహా. పేరులో కెమికల్ ఉంది కదా అని చాలామంది పొరబడతారు. ఆ కోర్సులో ఎక్కువ భాగం పైపుల్లో ద్రవాల ప్రవాహం, వేడి మార్పిడి, రియాక్టర్ల లెక్కలు. అంటే మ్యాథ్స్, ఫిజిక్సే. మీరు చెప్పినదాన్ని బట్టి నేను దానికి తొందరపడను. ఇంజినీరింగే కావాలంటే మెటలర్జీ, అంటే లోహాల ఇంజినీరింగ్, చూడండి. కార్బన్‌తో జింక్ ఆక్సైడ్‌ను క్షయీకరిస్తే, అంటే అందులోని ఆక్సిజన్‌ను తీసేస్తే, జింక్ ఆవిరిగా ఎందుకు బయటికొస్తుంది, ఇనుము అలా ఎందుకు రాదు అన్నది అక్కడి ప్రశ్న. జింక్ 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది మరి! తాడేపల్లిగూడెం నిట్‌లో ఈ బ్రాంచి ఉంది, కానీ దానికి జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకు కావాలి. ఎం.పి.సి. కాబట్టి మన రాష్ట్ర వ్యవసాయ యూనివర్సిటీలో బి.ఎస్సీ. అగ్రికల్చర్ దారి లేదు.

నా ఓటు కెమిస్ట్రీ మేజర్‌గా డిగ్రీకి, ఆపైన ఎం.ఎస్సీ.కి. ఉత్త డిగ్రీతో ఆపితే జీతం చిన్నదే, ఈ మాట దాచను. ఎం.ఎస్సీ. ఉంటే హైదరాబాద్, పరవాడ ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో, ఎరువుల నాణ్యత పరీక్షల్లో, టీచింగ్‌లో అవకాశాలుంటాయి. నాగార్జున, ఆంధ్రా యూనివర్సిటీల్లో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ ఉంది. డిగ్రీ చివరి ఏడాదిలో జామ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐ.ఐ.టి.ల్లోనూ చేరవచ్చు. అయితే జామ్ కెమిస్ట్రీ పేపర్లో ఇంటర్ స్థాయి మ్యాథ్స్ కొంత వస్తుంది. అందుకే ఆ మ్యాథ్స్ పుస్తకాలు ఇప్పుడే అటకెక్కించనివ్వకండి.