ఎంతయిందో దాచకుండా రాయి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ ఆయన పెరంబూరు దాకా వచ్చి ఇచ్చి వెళ్ళిన నీ యూరప్ యాత్ర పుస్తకం రాతప్రతి పూర్తిగా చదివాను. వాక్యం సాఫీగా నడుస్తోంది. చూసిన దాన్ని చూసినట్టు చెప్పే శక్తి నీకుంది. అందుకే ఉన్న మాట చెబుతున్నాను. ఇందులో మీ ఇద్దరి డబ్బు ఎక్కడా కనిపించలేదు. చెన్నైలో అద్దె కట్టుకుంటూ, రెండు జీతాల్లోంచి మిగిల్చుకుని ఫ్రాన్స్, లక్సెంబర్గ్, స్విట్జర్లాండ్, ఇటలీ తిరిగొచ్చారు. మనవాళ్ళెవరైనా మొదట అడిగేది "ఇద్దరికీ కలిపి ఎంతయింది?" అనే. ఆ మాట చిన్నతనం అనుకున్నావో ఏమో, ఖర్చు సంగతి వచ్చిన ప్రతిచోటా ఏదో ఒక అందమైన వర్ణనతో దాటేశావు. దాటేసిన చోటల్లా కథ కూడా జారిపోయింది. రోజువారీ ఖర్చులు నోట్‌బుక్‌లో రాసుకున్నావట కదా, మీ ఆయన చెప్పాడు. అది ముందు పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టు.

విమానం కిటికీలోంచి మబ్బుల్ని చూసే ఆ మొదటి పేజీ తీసెయ్యి. మీ ప్రయాణం వీసా కాగితాలతో మొదలైంది. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికే షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి పనికొచ్చే ఒకే వీసా, దరఖాస్తు పెట్టాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఈ ఒక్క నియమం మీ దారినంతా మార్చేసింది! అపాయింట్‌మెంట్ ఫ్రాన్స్‌కి దొరికిందని ఇటలీలో రాత్రులు తగ్గించి పారిస్‌లో పెంచారు. ఇది నాకు మీ ఆయన నోట తెలిసింది, నీ రాతలో లేదు. మనిషికి 90 యూరోల ఫీజు, వీసా రాకపోయినా అది తిరిగిరాదు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు సరిపడే ఇన్సూరెన్స్ ఉండాలి. వేలిముద్రలిచ్చి ఇంటికొచ్చాక పాస్‌పోర్ట్ కొరియర్ కోసం చూసిన టెన్షన్ ఉంటుంది చూడు, అక్కడ మొదలుపెడితే పాఠకుడు మీతోపాటు విమానం ఎక్కుతాడు.

లక్సెంబర్గ్‌కి నువ్వు ఇచ్చింది రెండు వాక్యాలు. "దారిలో లక్సెంబర్గ్ కూడా చూశాం. చిన్న దేశం, శుభ్రంగా ఉంది." నాకు మనసు చివుక్కుమంది. 2020 ఫిబ్రవరి 29 నుంచి ఆ దేశంలో బస్సు, ట్రామ్, రైలు రెండో తరగతి అందరికీ ఉచితం, మీలాంటి పరాయి దేశస్థులకి కూడా. పారిస్ మెట్రోలో ప్రతి టికెట్టూ లెక్కపెట్టుకున్న జంట, మర్నాడు టికెట్టే అక్కర్లేని ఊళ్ళో దిగింది. ఆ రోజు మీ నడకే మారిపోయి ఉంటుంది. ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగి ఉంటారు, మళ్ళీ ఎక్కి ఉంటారు. అది రాయి. ఇంకో సంగతి. మీరు ఆ ఉచిత బస్సులోనే షెంజెన్ అనే పల్లెకి వెళ్ళారట. ఫోటో ఒకటి పెట్టి వదిలేశావు. మీ వీసాకి పేరిచ్చిన ఊరమ్మా అది! మోజెల్ నది ఒడ్డున, ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ సరిహద్దులు కలిసేచోట ఉంది. 1985 జూన్ 14న ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ప్రతినిధులు అక్కడ నదిలో ఆగిన ఒక పడవ మీద సంతకాలు చేశారు. ఆ సంతకాల వల్లే పారిస్ నుంచి రోమ్ దాకా ఒక్క వీసాతో వెళ్ళగలిగారు. చెన్నైలో అన్ని కాగితాలు జిరాక్సులు తీయించిన మనుషులు ఆ నది ఒడ్డున నిలబడితే ఏమనిపించిందో చెప్పగలిగేది నువ్వే. ఈ అధ్యాయం పది పేజీలైనా నేను చదువుతాను.

"స్విట్జర్లాండ్‌లో బడ్జెట్ కాస్త ఎక్కువైంది" అని రాశావు. కాస్త అంటే ఎంత? అక్కడ యూరో కాదు, ఫ్రాంకు. ఆ మార్పుతోనే లెక్క తప్పుతుంది. 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోఖ్‌కి రైలెక్కాలని నీకు, అంత డబ్బు పెట్టొద్దని ఆయనకి. సాయంత్రం దాకా ఇద్దరి మధ్యా మాటల్లేవని తెలుస్తూనే ఉంది, ఎందుకంటే ఆ రోజు పేజీల్లో "మేము" అన్న మాటే రాలేదు. చివరికి పైకి వెళ్ళకుండా లౌటర్‌బ్రునెన్ లోయలో నడిచారు. దాదాపు 300 మీటర్ల కొండ అంచు నుంచి పడే స్టౌబాఖ్ జలపాతాన్ని కింద నుంచి చూడ్డానికి టికెట్ లేదు. ఆ అలక, ఆ నడక, ఆ నీళ్ళు ఒకేచోట రావాలి. ఊటీ వెళ్ళినా మున్నార్ వెళ్ళినా ప్రతి జంటా ఏదో ఒక పూట ఇలాగే ఖర్చు దగ్గర ఆగుతుంది. నీ పాఠకులకి నువ్వు బాగా దగ్గరయ్యే చోటు ఇదే. కాకపోతే ఒక షరతు. ఆ పేజీలు ముందు ఆయనకి చదివి వినిపించు. ఆయన వద్దన్న వాక్యం తీసెయ్యి. తోడొచ్చిన మనిషిని పుస్తకంలో పెట్టే ముందు అడగడం మన ధర్మం.

ఈఫిల్ టవర్ 1889లో కట్టారు, ఎత్తు 330 మీటర్లు అని పేరా నిండా రాశావు. అది ఎవరి ఫోన్‌లోనైనా దొరుకుతుంది. లిఫ్టు కంటే మెట్ల టికెట్ చవక కాబట్టి రెండో అంతస్తు దాకా ఆరువందల పైచిలుకు మెట్లు ఎక్కారు కదా, దాని ఊసే లేదు. ఎక్కడ ఆగారు, ఎవరు ముందు కూర్చున్నారు, పైకి చేరాక కాళ్ళ వణుకు తగ్గడానికి ఎంతసేపు పట్టింది? పుస్తకానికి పనికొచ్చేవి అవే.

తిండి గురించి బాగా రాశావు, ఎక్కువ మార్చకు. కందిపొడి, ఊరగాయ, ఎలక్ట్రిక్ కెటిల్ ఉన్నాయి. నెయ్యి ఎందుకు తీసుకెళ్ళలేదో మాత్రం చెప్పు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం సామాన్లలో పెట్టుకుని యూరోపియన్ యూనియన్‌లోకి వెళ్ళనివ్వరు. వెళ్ళబోయే వాళ్ళకి అది పనికొస్తుంది. రోమ్ వీధుల్లో రాత్రీపగలూ పారే మంచినీళ్ళ కొళాయిల దగ్గర సీసా నింపుకోవడం కూడా ఉంచు. వెనిస్‌లో గది ఖరీదని పక్కనే ఉన్న మెస్త్రేలో దిగి రోజూ రైల్లో వంతెన దాటి వెళ్ళిన భాగం ఇంకాస్త పెంచు. పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళ మధ్య నిలబడి వెనిస్‌లోకి అడుగుపెట్టడం ఖరీదైన హోటల్లో దిగినవాళ్ళకి దొరకదు.

ఖర్చు రాస్తే సాహిత్యం పలచబడుతుందని నీకు ఎవరో చెప్పి ఉంటారు. నమ్మకు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మన ఈ చెన్నపట్నం నుంచే కాశీకి బయలుదేరాడు. అప్పటి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి చెప్పే ఉద్యోగి, ఏ లోటూ లేని మనిషి. అయినా మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, ఏం దొరుకుతాయి అని రాసుకుంటూ పోయాడు. ఆనాటి దేశం మనకి ఇవాళ కళ్ళ ముందు నిలుస్తోందంటే ఆ వివరాల వల్లే. మీ మెస్త్రే గది అద్దె, లక్సెంబర్గ్ ఉచిత బస్సు రేపటివాళ్ళకి అలాగే పనికొస్తాయి.

ధర రాసిన ప్రతిచోటా ఏ నెల, ఏ సంవత్సరమో కూడా రాయి. టికెట్ల ధరలు మారుతూనే ఉంటాయి. ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి చదివేవాణ్ణి అలసిపోనివ్వకు. యూరోకి ఎంత ఇచ్చారో మొదట్లో ఒకసారి చెబితే చాలు, మిగతాది వాళ్ళే లెక్క వేసుకుంటారు. కానీ ఇద్దరికీ కలిపి మొత్తం ఎంతయిందో మాత్రం ఒకచోట స్పష్టంగా ఉండాలి.

ముందు లక్సెంబర్గ్, స్విట్జర్లాండ్ అధ్యాయాలు తిరగరాసి పంపు. తొందర లేదు, ఆఫీసు పని చూసుకుంటూనే రాయి. ఇటలీ సంగతి మీరిద్దరూ ఇంటికి వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. ఆ నోట్‌బుక్ కూడా తీసుకురా.