డ్రైసూట్ కుట్టించుకోబోతున్న బుజ్జికి

కాకినాడ

బుజ్జీ,

చన్నీళ్ళలో డైవింగ్‌కి వేసుకునే డ్రైసూట్ ఎవరి దగ్గర కుట్టించుకోవాలని నువ్వు పంపిన మూడు లింకులూ చూశాను. పోలండ్ వాళ్ళ సాంటీ, ఇంగ్లండ్ వాళ్ళ ఆటర్, సగం ధరకే కుట్టిస్తామంటున్న ఆ మూడోవాళ్ళు. "ఏది తీసుకోమంటావు పెద్దమ్మా?" అని ఒక్క ముక్కలో అడిగేశావు. ఫోన్లో చెబుదామంటే సియాటిల్‌లో నువ్వు నిద్ర లేచే వేళకి ఇక్కడ కాకినాడలో అమ్మమ్మ సీరియల్ మొదలవుతుంది. ఆ గంట ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. అందుకని తీరిగ్గా రాస్తున్నా.

ఇప్పుడప్పుడే ఆర్డర్ పెట్టకు. అండమాన్ హావ్‌లాక్‌లో 28 డిగ్రీల నీళ్ళలో, ఒళ్ళు తడిసే పల్చటి వెట్‌సూట్‌తో నేర్చుకున్నావు. మా సియాటిల్ నీళ్ళు వేరు. ఊరి పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో చలికాలం 8 డిగ్రీలుంటే, మంచి ఎండాకాలంలోనూ 12, 13 దగ్గరే ఆగిపోతాయి. నీళ్ళు ఒంట్లోని వేడిని గాలి కన్నా ఇరవై పాతిక రెట్లు ఎక్కువగా లాగేస్తాయి. అందుకే డ్రైసూట్ కావాలన్నావు, మంచిదే. కానీ ముందు డ్రైసూట్ కోర్సు చెయ్యి. తర్వాత అద్దె సూట్‌లో ఓ పది పన్నెండు డైవులు చెయ్యి. అద్దె సూట్ ఎక్కడ నొక్కుతుందో, ఎక్కడ వేలాడుతుందో, నీకు ముందు చలేసేది చేతులకా నడుముకా అన్నది ఓ పుస్తకంలో రాసుకో. కుట్టేవాళ్ళకి నువ్వు చెప్పాల్సినవి ఆ పుస్తకంలోంచే వస్తాయి.

ఇక అసలు సంగతి. డ్రైసూట్ నీళ్ళు రాకుండా ఆపుతుంది, అంతే. వెచ్చదనమంతా లోపల వేసుకునే అండర్‌సూట్‌దీ, అది పట్టి ఉంచే గాలిదీ. కాబట్టి ముందు కొనాల్సింది అండర్‌సూట్. దాన్ని తొడుక్కునే కొలతలివ్వాలి, లేదా కుట్టేవాళ్ళు ఒంటి కొలతలే అడిగితే ఏ అండర్‌సూట్ వాడతావో మోడల్ పేరుతో సహా రాయాలి. ఇది నాకు తెలియక పోయిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చెబుతా విను. నా మొదటి డ్రైసూట్‌కి షాపులో కొలతలు తీసే అబ్బాయి చేత కొలిపించుకోవడానికి మొహమాటపడ్డాను. జులైలో, ఇంట్లో, పల్చటి నైట్ ప్యాంటు మీద, టేపు పట్టుకుని నా అంతట నేనే కొలుచుకున్నా. మన టైలర్‌కి ఆది జాకెట్ ఇచ్చి "చంకల దగ్గర కాస్త వదులు పెట్టు" అంటాం చూడు, ఆ అలవాటుతో కాళ్ళకీ తొడలకీ రెండేసి అంగుళాలు కలిపి రాశా. వాళ్ళేమో కదలడానికి కావలసిన ఖాళీ ఎలాగూ తామే కలుపుతారు. పైగా వంగి చూసుకుంటూ కొలిస్తే వీపు పొడవు తప్పుతుంది. పది వారాల తర్వాత వచ్చిన సూట్‌లో కాళ్ళు గోనెసంచుల్లా ఉన్నాయి, వీపు చాలక గొంతుక్కూర్చుంటే మెడ వెనక్కి లాగేస్తోంది. డబ్బు కట్టేశాను కదా అని అదే వేసుకుని నీళ్ళలో దిగా.

వెస్ట్ సియాటిల్‌లో కోవ్ 2 అని ఒడ్డు నుంచే దిగే చోటుంది, నువ్వూ అక్కడికే వెళ్తావు. తొమ్మిది మీటర్ల లోతున ఇసుకలో ఓ బీరు సీసా. దాని మూతిలోంచి ఎర్ర ఆక్టోపస్ పిల్ల ఒకటి ఒంటికన్నుతో నన్ను చూస్తోంది. సరదాగా తల కిందికి వంచి నేనూ చూస్తున్నా. సూట్‌లో గాలి ఎప్పుడూ పైనున్న చోటికే పోతుంది, ఆ క్షణంలో పైన ఉన్నవి నా కాళ్ళు. రెండు కాళ్ళూ బెలూన్లలా ఉబ్బాయి, ఈదడానికి పాదానికి తొడుక్కునే ఎడమ ఫిన్ ఊడి ఎటో పోయింది, తలకిందులుగా పైకి తేలిపోవడం మొదలైంది. గాలి వదిలే వాల్వ్ ఉన్నది ఎడమ భుజం దగ్గర. భుజం కింద, కాళ్ళు పైన! ఒళ్ళు చుట్టుకుని దొర్లి తిరగాలని కోర్సులో నేర్పారు. గుర్తొస్తే కదా. నాతో దిగినావిడ కాలు పట్టుకుని లాగకపోతే ఏమయ్యేదో. పైకొచ్చాక ఆవిడ అన్న మొదటి మాట, "ఈ సూట్ నీదేనా, ఎవరిదైనా అడిగి తెచ్చుకున్నావా?"

అందుకని వేరేవాళ్ళ చేతే కొలిపించుకో. నాలుగు సూట్లకి కొలతలు తీసిన చెయ్యి అయితే ఇంకా మంచిది, మొహమాటం వద్దు. రెండుసార్లు కొలవమను, రెండిటికీ తేడా వస్తే మూడోసారి కొలవమను. ముఖ్యమైన కొలత ఛాతీ కాదమ్మా, భుజం మీంచి ముందుకు దిగి, కాళ్ళ మధ్య నుంచి వీపు మీదుగా మళ్ళీ అదే భుజానికి చేరే చుట్టుకొలత. నా మొదటి సూట్‌లో పోయింది అదే. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయి. ఒక అంగుళం తగ్గించి రాస్తే సన్నబడిపోం, ఊపిరాడకుండా పోతాం. ఆడవాళ్ళు రెడీమేడ్ సైజుల్లో దూరడం కష్టమయ్యేది నడుముకీ తుంటికీ ఉన్న తేడా వల్లే. కుట్టించుకోవడంలో మనకి ఎక్కువ లాభం కూడా అక్కడే.

సూట్ వచ్చాక అద్దం ముందు నిలబడి మురిసిపోవడం తర్వాత. అండర్‌సూట్ వేసుకుని, పైన సూట్ తొడుక్కుని, లోపలి గాలి పిండేసి గొంతుక్కూర్చో. మోకాలెత్తి కుర్చీ మీద కాలు పెట్టు. నిన్ను నువ్వే కౌగిలించుకున్నట్టు చేతులు రెండూ అడ్డంగా వేసి భుజాలు పట్టుకో. చివరగా చెయ్యి తల వెనక్కి పోనిచ్చి, వీపున సిలిండర్ ఉంటే దాని వాల్వ్ ఎక్కడుంటుందో అక్కడికి అందుతుందో లేదో చూడు. అందకపోతే వెనక్కి పంపెయ్. వాడాక సర్దుకుంటుందని షాపువాళ్ళు అంటారు, సర్దుకోదు. సవరణలకి డబ్బు ఎవరిది, పోనూ రానూ పార్సెల్ ఖర్చు ఎవరిది అన్నది ఆర్డర్ పెట్టకముందే మెయిల్‌లో రాయించుకో.

బట్ట గురించి నువ్వు పేజీలు పేజీలు చదివినట్టున్నావు, అంత అక్కర్లేదు. ట్రైలామినేట్ అంటే రెండు బట్ట పొరల మధ్య బ్యూటైల్ రబ్బరు. తేలిక, తొందరగా ఆరుతుంది, చిల్లి పడితే మన గరాజ్‌లోనే అతుకు వేసుకోవచ్చు. సాగదు, దానికదిగా వెచ్చగానూ ఉండదు. క్రష్డ్ నియోప్రీన్ అంటే నొక్కి పల్చన చేసిన నురుగు రబ్బరు. బరువెక్కువ, ఆరడానికి టైమ్ పడుతుంది, కానీ గట్టిది, ఒంటికి హత్తుకుని సాగుతుంది. నీకు ట్రైలామినేట్ చాలు. మోకాళ్ళకి మాత్రం మందపాటి అతుకులు వేయించుకో, మా రాళ్ళకి అంటుకుని ఉండే బార్నకిల్స్ గుల్లలు చాకుల్లా ఉంటాయి.

జిప్పు రెండు రకాలు. వెనక భుజాల మీదుగా అడ్డంగా ఉండేదాన్ని వేరేవాళ్ళు వెయ్యాలి. ఛాతీ మీద ఏటవాలుగా వచ్చేదాన్ని మనమే వేసుకోవచ్చు. ఛాతీ మీదిదే తీసుకో. చలిలో పార్కింగ్ లాట్‌లో నిలబడి "కాస్త జిప్పు వేస్తారా" అని ఎవరినో అడుక్కోవడం నాకు చేతకాదు, నీకు అసలు చేతకాదు. ఇత్తడి పళ్ళ జిప్పుకి మైనం రాయాలి, మడత పడితే దాని పని అయిపోయినట్టే. ప్లాస్టిక్ జిప్పు మెత్తగా వంగుతుంది, చివర ఆగే చోట మాత్రం వాళ్ళిచ్చిన గ్రీజు కొద్దిగా రాస్తే చాలు.

నీళ్ళు దూరకుండా మెడకీ మణికట్లకీ బిగుతుగా పట్టి ఉండే సీళ్ళ దగ్గర మాత్రం మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. లేటెక్స్ సీలుకి నూనె పడదు. తలకి కొబ్బరినూనె పెట్టుకుని అదే తలని సీల్లోంచి దూర్చావంటే కొన్నాళ్ళకి రబ్బరు జిగురై చిరుగుతుంది. శనివారం తలంటుకో, ఆదివారం డైవ్‌కి వెళ్ళు. లేటెక్స్ పడని వాళ్ళకి సిలికాన్ ఉంది. మెత్తగా ఉంటుంది, చిరిగినా సీలుని పట్టి ఉంచే రింగు తీసి అక్కడికక్కడే కొత్తది తగిలించుకోవచ్చు. కానీ సిలికాన్‌ని జిగురుతో అతికించలేరు కాబట్టి రింగులు సూట్‌తో పాటే పెట్టించుకోవాలి. నేను మెడకీ చేతులకీ సిలికానే వాడుతున్నా, నువ్వూ అదే పెట్టించుకో. చేతులు తడవకుండా వేసుకునే పొడి గ్లవుజులు ఆ రింగులకే తగులుతాయి. సీలు బిగుతుగా ఉందని తొందరపడి కత్తిరించకు, ఒక్కో గీత చొప్పున కోస్తూ చూసుకో. ఎక్కువ కోసేస్తే కొత్త సీలు కొనడమే.

ఇంకో మాట. మెడలో గొలుసు, చేతికి కట్టుకున్న తిరుపతి దారం, వాచీ, గాజులు, అన్నీ తీసెయ్యాలి. సన్నటి దారం చాలు, దాని పక్క నుంచి నీళ్ళు కారుతాయి. జుట్టు ఒక్క పాయ ఇరుక్కున్నా అంతే. నా రెండో సూట్ మొదటి నెల తడుస్తూనే ఉంది, లోపం సూట్‌లో ఉందని షాపువాళ్ళతో గొడవ కూడా పెట్టుకున్నా. చూస్తే తాయెత్తు దారం. ఆ అబ్బాయి నవ్వలేదు, అంతే నేను చేసుకున్న పుణ్యం.

భుజం వాల్వ్ ఎక్కడ రావాలో కుట్టించేటప్పుడే చెప్పొచ్చు. బీసీడీ, అదే తేలడానికి గాలి నింపుకునే జాకెట్, దాని పట్టీ ఈ వాల్వ్ మీదికి రాకూడదు, ఎడమ మోచెయ్యి ఎత్తితే సూట్‌లో వాల్వే అన్నిటికన్నా పైన ఉండాలి. నీ బీసీడీ వేసుకుని ఫొటో తీసి పంపు. కాళ్ళకి అతికిన బూట్ల బదులు మెత్తటి సాక్స్ పెట్టించుకుని, పైన విడి బూట్లు వేసుకో. బూటు అరిగితే సూట్ వెనక్కి పంపక్కర్లేదు. ఫిన్లు పెద్దవి కొనాలి, ఆ ఖర్చూ లెక్కలో వేసుకో.

మొహమాటం లేకుండా ఇంకొకటి. రెండు గంటలు సూట్‌లో ఉంటే బాత్‌రూమ్ అవసరం వస్తుంది. అందుకని నీళ్ళు తాగడం మానేస్తే డైవింగ్‌కి అంతకంటే చెడ్డ అలవాటు లేదు. సూట్ విప్పకుండానే మూత్రం బయటికి పోయే పీ-వాల్వ్ ఏర్పాటు ఆడవాళ్ళకీ ఉంది. ఇప్పుడు వద్దనుకున్నా, తర్వాత పెట్టించడానికి తొడ దగ్గర చోటు వదలమను.

ధరలు వెయ్యి డాలర్ల నుంచి నాలుగు వేల దాకా ఉన్నాయి. ఆ మూడో లింకు వాళ్ళు చెడ్డవాళ్ళని అనను. కానీ వాళ్ళ సూట్ మరమ్మతు చేసేవాళ్ళు నీకు గంట దూరంలో ఎవరైనా ఉన్నారా? వాల్వులు అందరూ వాడే కంపెనీవేనా? ఆ రెండిటికీ ఔనని జవాబొస్తే ధర చూసుకుని భయం లేకుండా తీసుకో. లేదంటే ప్రతి చిన్న లీకుకీ సముద్రాలు దాటించి పార్సెల్ పంపుతూ కూర్చోవాలి. వారంటీ అయిపోయేలోపు స్విమ్మింగ్ పూల్లో రెండుసార్లు దిగు. అనుమానమొస్తే సీళ్ళకి డబ్బాలో బంతులో బిరడాలా పెట్టి, గాలి నింపి, సబ్బు నీళ్ళు చల్లు. సైకిల్ ట్యూబు పంక్చర్ వెతికినట్టే, బుడగ ఎక్కడొస్తే అక్కడ మార్కర్‌తో సున్నా చుట్టు.

నా పాత అండర్‌సూట్లు రెండు మా గరాజ్‌లో నీలం డబ్బాలో ఉన్నాయి, ఒకటి మందం, ఒకటి పల్చన. తాళం పెదనాన్న దగ్గరుంది. రెండూ వేసుకుని అద్దె సూట్‌తో దిగి చూడు, ఏది నీకు సరిపోయిందో రాయి. నేను మార్చి మొదటి వారంలో వస్తున్నా, కొలతలు అప్పుడు నేనే తీస్తా. ఆ డబ్బాలోనే ఒక్క ఫిన్ కనిపిస్తుంది, పారెయ్యకు.

పెద్దమ్మ