సీనియర్ అండర్ ఆఫీసర్ అయితే సుబేదార్ కంటే పెద్దా?

మీ తమ్ముడు సీనియర్ అండర్ ఆఫీసర్ అయ్యాడు, ఇక సుబేదార్ కంటే పెద్దవాడేనా అని అడిగారు. చిక్కంతా 'ఆఫీసర్' అనే మాటతోనే. డెహ్రాడూన్ ఐఎంఏలో (ఆర్మీ ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే ఇండియన్ మిలిటరీ అకాడమీ) మీ తమ్ముడికి వచ్చింది ర్యాంకు కాదు, అపాయింట్‌మెంట్, అంటే క్యాడెట్లలో ఒకరికి అప్పగించే బాధ్యత. సుబేదార్‌కి (జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్య ఉండే ర్యాంకు) ఆర్డర్ వేయలేడు.

1. అతని అధికారం తోటి క్యాడెట్ల మీదే: వరసలో నిలబెట్టడం, హాజరు చూడటం లాంటివి.

2. డ్రిల్ నేర్పే ఉస్తాద్ సుబేదార్ కంటే కింది ర్యాంకైన హవల్దార్ అయినా సరే, గ్రౌండ్‌లో ఆయన మాటే చెల్లుతుంది.

3. చాలామంది పొరబడేది ఇక్కడే. శిక్షణలో నెలకు వచ్చే 56,100 రూపాయల స్టైపెండ్, లెఫ్టినెంట్ మొదటి బేసిక్ జీతంతో సమానం కాబట్టి అప్పుడే ఆఫీసర్ అయిపోయాడనుకుంటారు. డబ్బు కాదు, కమిషన్ (ఆఫీసర్‌గా అధికారిక నియామకం) చూడండి. శిక్షణ ముగింపులో జరిగే పాసింగ్ అవుట్ పరేడ్ అయ్యాక పిప్పింగ్‌లో (ర్యాంకు స్టార్లు పెట్టే వేడుక) భుజాల మీద రెండేసి స్టార్లు కనిపిస్తాయి. అప్పటి నుంచే సుబేదార్ సెల్యూట్ చేస్తారు.

అప్పుడు కూడా మీ తమ్ముడు సుబేదార్‌ని 'సాబ్' అనే పిలవాలి. అతనికి ఇది తప్పకుండా చెప్పండి.