వినాయకుణ్ణి బుక్ చేసే ముందు వీధిలో తీగలు చూసుకోండి

మా వీధిలో మొదటిసారి వినాయకుణ్ణి పెడుతున్నాం, పోలీస్ స్టేషన్‌లో చెప్తే సరిపోతుందా అని కదా అడిగారు. సరిపోదు. మాదీ హైదరాబాదే, నాలుగేళ్ళుగా మా కాలనీ మండపం పనులు నా నెత్తినే పడుతున్నాయి కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను.

పోలీసు పర్మిషన్ అనుకున్నంత టెన్షన్ కాదు. తెలంగాణ పోలీసుల వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది. మండపం ఎక్కడ, విగ్రహం ఎత్తెంత, కమిటీలో ఎవరెవరు, వాళ్ళ ఫోన్ నంబర్లు, నిమజ్జనం ఏ రోజు, ఏ దారిన తీసుకెళ్తారు, ఇవన్నీ నింపాలి. ఎవరిదైనా ఖాళీ స్థలమైతే ఓనరుతో కాగితం రాయించుకోండి, నోటిమాట మీద ఉండకండి. రోడ్డు మీదైతే మొత్తం మూసేస్తే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మా వీధి చివర డయాలసిస్‌కి వెళ్ళే పెద్దాయన ఉండేవారు, అంబులెన్స్ పట్టేంత దారి వదిలాకే కర్రలు పాతాం. అన్నట్టు, ఫారంలో మొదటి నంబర్ ఎవరిదో ఆలోచించి ఇవ్వండి, పండగన్నాళ్ళూ ఫోన్లన్నీ వాళ్ళకే వస్తాయి. మా కాలనీలో ఆ మనిషిని నేనే.

అసలు భయపడాల్సింది కరెంటుకి. మొదటి ఏడాది పక్కింటి మీటర్ నుంచి వైరు లాగాం. రెండో రోజు వాన పడి, తడిసిన ఇనుప పైపు పట్టుకున్న పిల్లాడికి షాక్ కొట్టింది. ఏమీ కాలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అప్పటి నుంచి కరెంటాఫీసులో టెంపరరీ కనెక్షన్ తీసుకుంటున్నాం, స్తంభం జోలికి మేం పోం. ఆ ఏడాదే మా కుర్రాళ్ళు ధూల్‌పేటలో తొమ్మిదడుగుల విగ్రహం బుక్ చేసొచ్చారు, దాని కింద బండి కూడా ఉంటుందన్న లెక్క ఎవరికీ తట్టలేదు. వీధి మొదట్లో తీగలు అడ్డొస్తే ఒకడు వెదురు కర్రతో ఎత్తబోయాడు, అరిచి ఆపాను. 2025లో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు కదా, ఆ వార్త చూసినప్పుడు మళ్ళీ ఆ కర్రే గుర్తొచ్చింది. ముందు తీగల ఎత్తు, బండి ఎత్తు కొలుచుకుని తర్వాత విగ్రహం సంగతి చూడండి.

మైకు రాత్రి 10కి ఆపాలి, మళ్ళీ ఉదయం 6 తర్వాతే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఇవి. పండగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ప్రభుత్వం ఇస్తేనే ఉంటుంది, అదీ ఏడాదిలో 15 రోజులకు మించదు. మేం ఒకసారి అంత్యాక్షరి జోరులో టైం చూసుకోలేదు, ఎవరో 100కి ఫోన్ కొట్టారు. తప్పు మాదే, చెవులు మూసుకుని తిట్లు తిన్నాను. డీజే ఆలోచన ఉంటే మానుకోండి, హైదరాబాద్ పోలీసులు 2024లోనే ఊరేగింపుల్లో నిషేధించారు.

నిమజ్జనానికి మేం ఇప్పుడు దగ్గర్లోని బేబీ పాండ్‌కే, అంటే నిమజ్జనాల కోసం కట్టిన చిన్న కొలనుకే వెళ్తున్నాం. ట్యాంక్‌బండ్ మీద తెల్లారేదాకా లైన్లో నిలబడే ఓపిక మాలో ఎవరికీ మిగల్లేదు.