హాలీవుడ్ సినిమాల్లో తూర్పు ఆసియా ఆడవాళ్లవి ఎప్పుడూ అవే పాత్రలు ఎందుకు?

పాత హాలీవుడ్‌లో చైనా, జపాన్ ఆడవాళ్లకు దొరికినవి దాదాపు రెండే వేషాలు. ఒకటి కుట్రలు పన్నే మాయలాడి, రెండోది తెల్ల ప్రియుడి కోసం ప్రాణం తీసుకునే అమాయకురాలు.

ఈ చూపు సినిమాతో పుట్టింది కాదు. వ్యభిచారం కోసం ఆడవాళ్లను తేవడం ఆపాలంటూ 1875లో అమెరికా పేజ్ చట్టం చేసింది. ఆచరణలో అది చైనా ఆడవాళ్లందరినీ అనుమానించింది. ఆ అనుమానమే తర్వాత తెరకెక్కింది.

అన్నా మే వాంగ్ సంగతే చూడండి. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన చైనా సంతతి నటి, అప్పటికే పెద్ద పేరున్న మనిషి. 1937 నాటి 'ది గుడ్ ఎర్త్' చైనా రైతు కుటుంబం కథ. అయినా అందులో నాయిక పాత్ర ఆమెకు దక్కలేదు. హీరోగా పాల్ మునిని, అంటే తెల్ల నటుణ్ని, మేకప్ వేసి చైనా రైతును చేశారు. వేర్వేరు జాతుల మధ్య ప్రేమను అప్పటి సెన్సార్ ఒప్పుకోదు కాబట్టి ఆయన పక్కన అసలైన చైనా ముఖం పనికిరాలేదు! ఆ నాయిక పాత్ర లూయిజ్ రైనర్ అనే తెల్ల నటి చేసి ఆస్కార్ అందుకుంది. వాంగ్‌ను అనుకున్నది కాపురంలో చిచ్చుపెట్టే రెండో ఆడదాని వేషానికి. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

మగవాళ్లకు ఇంకో రకం అవమానం. 1984లో వచ్చిన 'సిక్స్‌టీన్ క్యాండిల్స్'లో ఆసియా విద్యార్థి కనిపించినప్పుడల్లా వెనక గంట మోగుతుంది. 'లాంగ్ డక్ డాంగ్' అన్న అతని పేరే ఒక జోక్. ఆ సినిమా వచ్చాక అమెరికా బడుల్లో ఎందరో ఆసియా పిల్లలను అదే పేరుతో ఏడిపించారు.